పక్కగోడ బల్ల కోసం ధర్మవరం

మా మనవరాలు సుజాతకు చెవులు సరిగా వినపడవు. హిందూపురం బడిలో దాన్ని తలుపు మూలన కూర్చోబెట్టి, ఒక్క ప్రశ్న అడగకుండానే పై తరగతికి తోశారు. ధర్మవరంలో ఒక సర్కారు బడిలో ఇలాంటి పిల్లలకూ అందరితో పాటే చెబుతారని, అక్కడ మగ్గం నేసే నా కూతురు కబురు పెట్టింది. నేను నమ్మలేదు. పిల్లను వాళ్లింట్లో వదిలే ముందు నా కళ్లతో చూద్దామని, దాన్ని వెంటబెట్టుకుని బయలుదేరాను.

ఉదయం ఆరింటి బస్సెక్కి పెనుకొండలో దిగాము. ధర్మవరం బస్సుకు అరగంట ఉందంటే స్టాండు బయట ఇడ్లీలు తిన్నాము. ఇడ్లీలామె సుజాత చెవి మిషను చూసి సంగతి అడిగి తెలుసుకుంది.

"ఇట్లాంటి బిడ్డల్ని చేర్చుకుంటే బడికి పైనుంచి దుడ్లొస్తాయంట. ఆడా మూలనే కూచోబెడతార్లే అవ్వా," అంది.

దారి పొడుగునా అదే మాట మనసులో తిరిగింది. తొమ్మిదికి దిగి, పది రూపాయలకు ఆటో మాట్లాడుకుని బడికి చేరాము. టీచరమ్మ చిన్న వయసుది. ఊరికే నవ్వుతోంది, అదీ నాకు నచ్చలేదు. నన్ను వెనక కూర్చోమని, సుజాతను ముందు వరుసలో కాక పక్కగోడ బల్ల మీద కూర్చోబెట్టింది. బోర్డు మీద రాసినంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. జీతం తీసుకుని నోరు కూడా కదపదా అనుకుని, లేచి పోయి పిల్ల చెయ్యి పట్టుకున్నాను.

"యాడికి పోతాండారవ్వా?"

"మూలన కూచోబెట్టేదానికి మా ఊరి బడే చాలు తల్లీ. బస్సు చార్జీలన్నా మిగుల్తాయి."

ఆమెకు కోపం రాలేదు. "ముందర కూచుంటే పాపకు నా మొగం ఒకటే కనిపిస్తాది. ఈడ్నుంచైతే అందరి నోర్లూ కనిపిస్తాయి, పెదాలు చూసి మాట పట్టుకుంటాది. నేను బోర్డు తట్టు తిరిగి మాట్లాడితే, ఆ మాట పాపకు యాడ అందుతాది?"

"చెప్పేదానికి బాగానే ఉండాది," అని మళ్లీ కూర్చున్నాను. సంచి మాత్రం ఒళ్లోంచి దించలేదు.

లెక్కలు మొదలయ్యాయి. ఎవరు మాట్లాడాలన్నా ముందు చెయ్యెత్తి, సుజాత తమ వైపు చూసేదాకా ఆగుతున్నారు. పది మేకల్లో రెండు తప్పిపోతే ఏమవుతుందని టీచరమ్మ అడిగింది. ఒక పిల్ల చెయ్యెత్తి ఆగి, "మా నాయన నన్ను తంతాడు మేడం," అంది.

తరగతంతా నవ్వింది. మా సుజాత ఎప్పుడూ అందరూ నవ్వాక, వాళ్ల మొహాలు చూసి నవ్వుతుంది. ఇంట్లోనూ అంతే. ఆ రోజు అందరితో పాటే నవ్వింది.

పిల్లను కూతురింట్లో వదిలి సాయంత్రం బస్సెక్కాను. పెనుకొండ దాకా, వెనక్కి పోయి తెచ్చేసుకుందామా అని అనుకుంటూనే ఉన్నాను. ఇప్పటికీ నాకు ఏ బడి మీదా పూర్తి నమ్మకం లేదు. మీరూ ఇలాంటి బిడ్డకు బడి వెతుకుతుంటే, ఆఫీసు గదిలో చెప్పే మాటలు విని తిరిగి రాకండి. ఒక పూట తరగతిలో వెనక కూర్చుని, మీ బిడ్డ ఎప్పుడు నవ్వుతుందో చూడండి.