ఈరమ్మ గొంతును ఎత్తుకుపోయిన కేసు

2003 వానాకాలం మొదట్లో నన్ను ఖమ్మం జిల్లా అడవి అంచున ఉన్న ఒక మేజిస్ట్రేట్ కోర్టుకు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా బదిలీ చేశారు. పోలీసులు పెట్టిన కేసును ప్రభుత్వం తరఫున కోర్టులో నడిపే ఉద్యోగం అది. పోలీసును కాను, జడ్జీని కాను. కేసు ఓడితే పోలీసులతోనూ, సాక్షి రాకపోతే జడ్జీతోనూ మాట పడే మనిషిని. మాది సత్తుపల్లి వైపు. చండ్రుగొండ దాటాక నా మాట విని అక్కడి సాక్షులు, “సారు సినిమాల లెక్క మాట్లాడతడు” అని ముసిముసిగా నవ్వుకునేవారు. నేను కూడా వాళ్ళ మాట సగం అర్థమై సగం కాక, రెండు నెలలు బెంచి క్లర్కు ముఖం చూసి బతికాను.

అక్కడి కేసులు పెద్దవి కావు. గట్టు తగాదా, నాటుసారా, పేకాట, అప్పుడప్పుడు ఒక మోటారు పంపు దొంగతనం. అలాంటి చోట ఒకరోజు నా బల్ల మీదికి వచ్చిన చార్జిషీటులో, చోరీ అయిన సొత్తు అన్నచోట “పందులను తిట్టు యంత్రము ఒకటి, విలువ రెండు లక్షల రూపాయలు” అని ఉంది. స్టేషన్ రైటర్ నిద్రమత్తులో రాశాడేమో అనుకున్నాను. ఎస్సైని పిలిపించి అడిగాను. ఆయన టోపీ తీసి, తల గోక్కుని, కుర్చీలో కూర్చుని కథంతా చెప్పాడు.

వాగుకు ఎగువన ఒక ఊరు, దిగువన ఒక ఊరు. రెండూ మక్కజొన్న పండించే ఊళ్ళే. కంకి పాలు పోసుకునే వేళకు అడవిపందులు దిగుతాయి, ఒక్కపూటలో చేను చేనంతా దొర్లించి పోతాయి. ఎగువ ఊళ్ళో ఈరమ్మ అనే పెద్దావిడ ముప్ఫై ఏళ్ళుగా మంచె ఎక్కి కాపలా కాసింది. నాలుగు గుంజల మీద కట్టిన ఆ అటక మీది నుంచి ఆమె ఒక్క కేక వేస్తే పందులే కాదు, దారిన పోయే మనుషులు కూడా అడుగు వెనక్కి వేసేవారట. మోకాళ్ళు అరిగి మంచె ఎక్కలేని రోజు వచ్చింది. అప్పుడు ఆమె కొడుకు దానయ్య పూనుకున్నాడు.

దానయ్య టీవీలు, రేడియోలు బాగుచేసే మెకానిక్. చదువు ఏడో తరగతి, ధీమా మాత్రం ఇంజనీరుది. రెండేళ్ళు ఇంట్లో ఏ వస్తువునూ ఒకచోట ఉండనివ్వకుండా పాడుచేసి, చివరికి ఒక యంత్రం తయారుచేశాడు. దాని ముందు ఏ ప్రాణి కదిలినా చాలు, అందులోంచి ఈరమ్మ గొంతు పెద్దగా లేచేది: “ఎవడ్రా ఆడ? పోతవా, నన్ను రమ్మంటవా?” పులి గాండ్రింపు, డప్పు చప్పుడు అన్నీ రికార్డు చేసి చూశాడట. పందులు నాలుగు రోజులు భయపడి అయిదో రోజు అలవాటు పడ్డాయి. తల్లి గొంతుకు మాత్రం అలవాటు పడలేదు. రాబోయే కాలంలో మనిషి లేకుండానే కాపలా, మనిషి లేకుండానే సేద్యం అని దానయ్య రెండు ఊళ్ళలోనూ చాటింపు వేసుకున్నాడు.

యంత్రం ఎంత బాగా పనిచేసిందంటే, ఎగువ ఊరి పందులన్నీ వాగు దాటి దిగువ ఊరి చేలల్లో పడ్డాయి. ఈ సంగతి దానయ్యకు తట్టలేదు. దిగువ ఊరి కన్నయ్యకు తట్టింది, ఎందుకంటే మొదట పోయింది అతని చేనే. కన్నయ్య ఆశ్రమ పాఠశాలలో దినకూలీ మీద వంట చేసేవాడు. నెమ్మదైన మనిషి. తన ఇద్దరు బావమరుదులను వెంటబెట్టుకుని, చండ్రుగొండ సంత రోజు ఎగువ ఊళ్ళో జనం పలచగా ఉన్నప్పుడు, పట్టపగలు సైకిలు మీద యంత్రాన్ని ఎత్తుకుపోయాడు.

ఇక్కడి నుంచి ఎస్సై నవ్వు ఆపుకోలేకపోయాడు. పోలీసుల ముందు ముద్దాయి ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. కానీ విని నవ్వకూడదని సాక్ష్యాధారాల చట్టంలో ఎక్కడా లేదు గనక నేనూ నవ్వాను. సైకిలు కదలగానే యంత్రం తిట్టడం మొదలుపెట్టిందట. ఒకడు తొక్కుతున్నాడు, ఒకడు వెనక నుంచి నెడుతున్నాడు, మూడోవాడు యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని దాని నోరు ఎక్కడుందో వెతుకుతున్నాడు. గొంగడి కప్పారు. తువ్వాలు కుక్కారు. ఎంత కప్పినా ఆగలేదు, ఎందుకంటే కప్పే చెయ్యి కదిలినప్పుడల్లా అది మళ్ళీ తిట్టేది. స్విచ్చి ఎక్కడుందో ముగ్గురికీ దొరకలేదు. ఈరమ్మ గొంతు చిన్నప్పటి నుంచి విన్నవాడు కావడంతో, అది “పోతవా?” అన్నప్పుడల్లా కన్నయ్య నోటివెంట తెలియకుండానే “పోతున్న పెద్దమ్మా, పోతున్న” అని వచ్చేదట. వాగు దాటేదాకా ఆ సంభాషణ అలాగే సాగింది.

యంత్రాన్ని దాచుకోవడానికి తీసుకుపోలేదు గదా, చేలో పెట్టారు. అదే వాళ్ళ కొంప ముంచింది. మూడో రోజు ఒక మేకల కాపరి ఎగువ ఊళ్ళో ఈరమ్మను పలకరించి, “ఏందవ్వా, పొద్దుగాల మా దిక్కు చేన్ల గంతగనం తిడుతున్నవ్?” అన్నాడు. తాను ఇల్లు కదలలేదని ఆమె చెప్పింది. వాడు నమ్మలేదు. దాంతో ఆమె కర్ర పట్టుకుని, మోకాళ్ళు పట్టుకుని, వాగు దాటి వెళ్ళి తన గొంతు తానే విన్నది. కాసేపు నిలబడి విని, బాగానే తిడుతున్నానే అనుకున్నదట. తర్వాత సరాసరి స్టేషన్‌కు పోయింది.

“నా గొంతు ఎత్తుకపోయిండ్రు సారూ. వాగవతల చేన్ల పెట్టుకున్నరు,” అన్నది.

గొంతు దొంగతనానికి శిక్షాస్మృతిలో సెక్షను లేదు. ఎస్సై దానయ్యను పిలిపించి ఫిర్యాదు తీసుకుని, మామూలు దొంగతనం కింద 379 పెట్టాడు. విలువ ఎంత రాయాలని అడిగితే, కోపం మీద ఉన్న దానయ్య రెండు లక్షలన్నాడు. ఎస్సై అలాగే రాశాడు. యంత్రాన్ని స్వాధీనం చేసుకుని తెచ్చాక, గది దాటే ప్రతి కానిస్టేబులునూ అది నిలదీస్తుంటే గోడవైపు తిప్పి పెట్టారట. తర్వాత దానయ్య కోర్టుకు అర్జీ పెట్టుకుని, విచారణ రోజు తిరిగి తేవాలన్న షరతు మీద దాన్ని ఇంటికి తీసుకుపోయాడు.

మా కోర్టులో కేసు విచారణకు వచ్చేసరికి మరో మక్క పంట కంకి దశకు వచ్చింది. అప్పటికి కోపాలు చల్లారాయి. వాగు దాటిన రోజు ఈరమ్మ తన గొంతు ఒక్కటే వినలేదు, పందులు దొర్లించిన కన్నయ్య చేను కూడా చూసింది. చూసినప్పటి నుంచీ కొడుకు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. పైగా కన్నయ్య వంట ఉద్యోగం ఆ ఏడే పర్మనెంటు కావాల్సి ఉంది. దొంగతనం కింద శిక్ష పడితే ఉద్యోగం పోతుంది, మళ్ళీ రాదు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. రెండు పక్షాలూ కలిసి రాజీ పిటిషన్ వేశాయి.

మేజిస్ట్రేట్ గారు దాన్ని తిప్పి పంపారు. ఆమెకు అది మొదటి పోస్టింగు. చట్టంలో కామా ఎక్కడుందో కూడా చూసి గాని సంతకం పెట్టేవారు కాదు, నవ్వగా ఎవరూ చూడలేదు. ఆమె చేసింది సబబే. దొంగతనం కేసులో సొత్తు యజమాని కోర్టు అనుమతితో రాజీ పడవచ్చు. అయితే సొత్తు విలువ రెండు వందల యాభై రూపాయలు మించకూడదు. తర్వాత ఆ హద్దు పెంచారు గాని అప్పటికి చట్టం అదే. చార్జిషీటులో ఉన్నది రెండు లక్షలు.

ఫిర్యాదులో రాసిందే తుది మాట కాదు. ప్రమాణం చేసి బోనులో చెప్పేదే సాక్ష్యం. కాబట్టి దానయ్య బోనెక్కి, యంత్రం విలువ రెండు వందల యాభై లోపే అంటే రాజీకి దారి దొరుకుతుంది. ఈ మాట ముద్దాయిల వకీలు అతనికి ముందే చెప్పాడు. విచారణ రోజు పొద్దున దానయ్య నా గదికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో నోరు లేవకుండా గట్టిగా గుడ్డ చుట్టిన యంత్రం, వెనక ఈరమ్మ.

“వాళ్ళను మాఫ్ చేయమంటె చేస్త సార్. ఒక్కసారి కాదు, పదిసార్లు చేస్త. గని నా మిషిన్ కిమ్మత్ రెండొందల యాభై అని నా నోటితోని అనమనకుండ్రి,” అన్నాడు.

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండేళ్ళు ఊరంతా పిచ్చోడంటే పడి చేసిన వస్తువు అది. దాన్ని పాత ఇనుప సామాను ధరకు ప్రమాణం చేసి దిగజార్చమంటే ఎవరికి మనసొప్పుతుంది? ఈరమ్మ, “అరేయ్ కొడకా, పర్ణశాల రాముని మీద ఒట్టు, నీ మిషిన్ గురించి నేను ఊరంత మళ్ళ చెప్త, ఇయ్యాల్టికి తక్కువ చెప్పరాదు?” అంది. సాక్షికి ఏం చెప్పాలో నేర్పడం నా వృత్తిలో తప్పు. “నిజం ఏదైతే అది చెప్పు దానయ్యా” అని మాత్రం అన్నాను. అంటూనే, కన్నయ్య ఉద్యోగం పోయినట్టేనని లోపల దిగులుపడ్డాను.

దానయ్య బోనెక్కాడు. యంత్రానికి ఎం.ఓ.1 అని చీటీ కట్టి, గుడ్డ విప్పి, మనుషులు తిరగని మేజిస్ట్రేట్ గారి వైపుకు తిప్పి బల్ల మీద పెట్టారు. అంటే కేసులో మొదటి వస్తు సాక్ష్యం. అవతల కన్నయ్య, బావమరుదులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను ఊరు, పేరు, వృత్తి అయ్యాక అసలు ప్రశ్నకు వచ్చాను. ఈ యంత్రం విలువ ఎంత? దానయ్య తల దించుకున్నాడు. అంతలో అటెండరు మేజిస్ట్రేట్ గారికి మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని సరిగ్గా యంత్రం ముందు నుంచి నడిచాడు.

“ఎవడ్రా ఆడ? పోతవా, నన్ను రమ్మంటవా?”

అటెండరు గ్లాసు వదిలేశాడు. ముద్దాయి స్థానంలోంచి కన్నయ్య, “పోతున్న పెద్దమ్మా” అన్నాడు. వెనక బెంచీలో ఈరమ్మ లేచి నిలబడి, “నేను గాదమ్మా, అది,” అని వేలు చూపించింది. వకీళ్ళు ఫైళ్ళు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు. మేజిస్ట్రేట్ గారు మాత్రం చెక్కుచెదరకుండా, ఎం.ఓ.1 నోరు మూయించమని సాక్షిని ఆదేశించారు.

స్విచ్చి యంత్రం అడుగున, లోపలి వైపు ఉంది. దాన్ని అందుకోవాలంటే అంతా విప్పాలి. దానయ్య బోను దిగి బల్ల మీద ఒక్కో ముక్కా తీసి పెట్టాడు. వానకు తడవకుండా పైన బోర్లించిన పాత ప్లాస్టిక్ బకెట్. మూత లేని టేప్ రికార్డరు. తుక్కులో పడేసిన బస్సులోంచి ఊడదీసిన స్పీకరు. రైసుమిల్లు వాళ్ళు పారేసిన, మనిషి కదిలితే వెలిగే లైటులోని చిన్న గాజుకన్ను. పాతబడిన బండి బ్యాటరీ. అవన్నీ చూస్తుంటే నా ప్రశ్నే తప్పుగా అడిగానని నాకు అనిపించింది.

ఒక్కో ముక్కా చూపించి, ఇది ఎక్కడిది, ఎంతకు కొన్నావు అని అడిగాను. ఇందులో దాచడానికి ఏమీ లేదు గనక దానయ్య గబగబా చెప్పాడు. కొన్ని ఊరకే వచ్చినవి, కొన్ని తుక్కు కొట్టులో కొన్నవి. బెంచి క్లర్కు కూడి చూస్తే మొత్తం రెండు వందల యాభైకి లోపే తేలింది.

“మరి రెండు లక్షలని పోలీసులకు ఎందుకు చెప్పావు?” అని మేజిస్ట్రేట్ గారే అడిగారు.

“అది నా తెలివి కిమ్మత్ అమ్మా,” అన్నాడు దానయ్య, ఈసారి తలెత్తి.

నేను అందుకున్నాను. “ఆ తెలివిని ఈ ముద్దాయిలు ఎత్తుకుపోయారా?”

దానయ్య ముందు నన్ను చూశాడు. తర్వాత కన్నయ్యను చూశాడు. అతని ముఖం మెల్లగా విచ్చుకుంది.

“లేదు సార్. అది నా కాడనే ఉంది. వాళ్ళకు స్విచ్చి గూడ దొరకలే.”

మేజిస్ట్రేట్ గారు పెన్ను కింద పెట్టి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అది దగ్గు అని బెంచి క్లర్కు నేటికీ వాదిస్తాడు. సాక్ష్యం పదం పదం రాయించి, చోరీ అయిన సొత్తు విలువ చట్టం చెప్పిన హద్దులోనే ఉందని నిర్ధారించి, రాజీకి అనుమతి ఇచ్చారు. రాజీ అయిన కేసులో ముద్దాయిలు నిర్దోషులుగా విడుదలైనట్టే లెక్క. కోర్టు వరండాలో కన్నయ్య ఈరమ్మ కాళ్ళకు మొక్కబోతే ఆమె కర్రతో ఆపి, “నా గొంతు కావాలంటె అడిగితె ఇయ్యనా, ఎత్తుకపోవాల్నా?” అని నిజంగానే తిట్టింది. అందరం నవ్వాం. నేనైతే ఆ రోజు సంతోషం పట్టలేక కోర్టు సిబ్బంది మొత్తానికి మిర్చి బజ్జీలు తెప్పించాను. ఆ పంటకే దానయ్య దిగువ ఊరికి రెండో యంత్రం చేసి ఇచ్చాడు. కన్నయ్యకు ఉద్యోగం పర్మనెంటయింది.

అప్పటికి నేను పదిహేనేళ్ళుగా సాక్షులను ఒకటే అడుగుతూ వచ్చాను, పోయిన వస్తువు విలువ ఎంత అని. అసలు పోయింది ఏమిటి, పోనిది ఏమిటి అన్నది వేరే ప్రశ్న అని ఆ కేసులో తెలుసుకున్నాను. రిటైరయ్యేదాకా ప్రతి దొంగతనం కేసులోనూ మొదటి సాక్షిని ముందుగా ఆ రెండో ప్రశ్నే అడిగాను.