నీ ఒళ్ళో నువ్వు కూర్చో

నా చిన్నప్పుడు తెలుగులో నాకు అస్సలు పడని మాట ‘ఒళ్ళు’. అమెరికాలో మేముండే పిస్కాటవేలో శనివారం వస్తే ఎవరో ఒకరింట్లో పార్టీ ఉండేది. చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టానో లేదో, ఎవరో ఒక ఆంటీ నన్ను ఎగాదిగా చూసి, “పాప కాస్త ఒళ్ళు చేసిందే” అనేది. పక్కనున్నావిడ, “అచ్చం నాయనమ్మ పోలిక” అని సర్దిచెప్పేది. వాళ్ళ దృష్టిలో అది ముద్దు. నేను మాత్రం ఇంటికి బయల్దేరేదాకా పొట్ట లోపలికి బిగబట్టుకుని, ప్లేటు అడ్డం పెట్టుకుని ఓ మూల నిలబడేదాన్ని.

రానురానూ అదే అలవాటైపోయింది. స్కూల్ బస్సులో, క్లాసులో, ఫొటోల్లో, ఎక్కడైనా సరే ఊపిరి బిగబట్టుకునే ఉండేదాన్ని. అద్దం ముందు పక్కకి తిరిగి చూసుకోవడం, చూసుకుని ఏడవడం రోజూ ఉన్నదే. అమ్మానాన్నలకి ఈ సంగతి తెలియదు. ఇద్దరూ పొద్దున్నే ఆఫీసులకి వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చేవాళ్ళు.

నేను ఏడో క్లాసులో ఉండగా మా నాయనమ్మ ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చింది. మనిషి నిజంగానే బొద్దుగా ఉండేది. షుగర్ వచ్చినప్పుడు డాక్టర్ చెబితే మొదలుపెట్టిందట, రోజూ ఆసనాలు వేసేది. మా ఇంట్లో అప్పుడు యోగా మ్యాట్లూ గట్రా లేవు. హాల్లో కార్పెట్ మీద పాత దుప్పటి పరిచి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కాళ్ళు చాపి కూర్చునేది. ముందుకి వంగేటప్పుడు కాళ్ళు కాస్త ఎడం చేసి, రెండు చేతులతో పొట్టని సర్ది వాటి మధ్య పెట్టుకునేది. మంచం మీద చంటిపిల్లని పక్కకి జరిపినంత మామూలుగా చేసేది ఆ పని. నాకు చచ్చేంత సిగ్గేసేది. బయట ఎవరైనా చూస్తారేమోనని వెళ్ళి కిటికీ బ్లైండ్స్ మూసేసేదాన్ని.

ఆవిడ ఒడి అంటే మాత్రం నాకు ప్రాణం. స్కూల్ నుంచి రాగానే ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని టీవీ చూసేదాన్ని. అంత మెత్తటి చోటు మా ఇంట్లో ఇంకోటి లేదు. ఏ ఒళ్ళు చూసి సిగ్గుపడేదాన్నో, ఆ ఒళ్ళోనే నిద్రపోయేదాన్ని. ఆ రెండూ ఒకటేనని నాకెప్పుడూ తట్టలేదు.

ఆ చలికాలం జిమ్ క్లాసులో ఫిట్‌నెస్ టెస్ట్ పెట్టారు. నేల మీద కాళ్ళు చాపి కూర్చుని, పాదాలు ఒక పెట్టెకి ఆనించి, ముందుకి వంగాలి. పెట్టె మీద గీతలుంటాయి. చేతులు ఎంతదాకా వెళ్ళాయో టీచర్ గట్టిగా చదువుతాడు, క్లాసంతా చుట్టూ నిలబడి చూస్తుంది. చేతులు అందవన్నది కాదు నా బాధ. వంగితే పొట్ట మడత పడుతుంది, టీషర్ట్‌లోంచి అది అందరికీ కనబడుతుంది, దాన్ని దాచే దారి లేదు. ఇన్నాళ్ళు బిగబట్టుకున్నదంతా ఆ ఒక్క నిమిషంలో బయటపడిపోతుందని నా భయం.

ముందు రోజు ఇంటికి రాగానే బ్యాగ్ విసిరేసి, రేపు స్కూల్‌కి వెళ్ళనని, అమ్మకి ఫోన్ చేసి నాకు కడుపునొప్పని చెప్పమని నాయనమ్మ వెంటపడ్డాను. ఎందుకే అని అడిగేసరికి ఏడుపొచ్చింది. నా తెలుగు అప్పట్లో అంతంతమాత్రం. ఒళ్ళు, ఒళ్ళో రెండూ ఒకటే మాట అనుకునేదాన్ని.

“నాకు ఈ ఒళ్ళో వద్దు నాయనమ్మా. ఐ హేట్ ఇట్. నాకొద్దు” అన్నాను.

“నిన్నెవరు రమ్మన్నారే నా ఒళ్ళోకి? నువ్వేగా వచ్చి పడుకుంటావు” అంది ఆవిడ, నిజంగానే నొచ్చుకుని.

కాదు కాదంటూ నా పొట్టా, తొడలూ పట్టుకుని చూపించాను. అప్పుడు అర్థమై పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది. దుప్పటి తెచ్చి పరిచి, బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒడి తట్టి రమ్మంది. అంత పెద్దపిల్లనీ వెళ్ళి కూర్చున్నాను.

మెత్తగా ఉందా అని అడిగింది. ఉందన్నాను. పోనీ ఇదంతా కరిగించేసుకోనా అంది. వద్దని మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాను. అప్పుడు నన్ను దింపి, ఎదురుగా తనలాగే కూర్చోబెట్టి, నా రెండు చేతులూ తీసుకుని నా ఒళ్ళో పెట్టింది.

“ఇది నా దగ్గర్నుంచే వచ్చిందే నీకు. నా దగ్గరుంటే ముద్దు, నీ దగ్గరుంటే చేదా? ఇన్నాళ్ళూ నా ఒళ్ళో కూర్చున్నావు. ఇంక నీ ఒళ్ళో నువ్వు కూర్చో.”

చేతుల కింద నా తొడలు వెచ్చగా, మెత్తగా తగిలాయి. నాకు బాగా తెలిసిన మెత్తదనమే అది. పొట్ట వదిలెయ్యమంది. ఎలా వదలాలో నాకు తెలియలేదు, అంత అలవాటు తప్పిపోయింది. ఆవిడ తన అరచెయ్యి నా పొట్ట మీద ఆనించి ఉంచింది. కాసేపటికి దానంతట అదే వదులైంది. ఊపిరి కిందిదాకా వెళ్ళింది. హాయిగా అనిపించి మళ్ళీ ఏడ్చాను. అమ్మకి ఫోన్ మాత్రం చేయలేదు నాయనమ్మ.

మర్నాడు నా వంతు వచ్చింది. వెళ్ళి పెట్టె ముందు కూర్చుని, పొట్ట వదిలేసి, వంగాను. మడత పడింది. టీషర్ట్ పట్టేసింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నా వేళ్ళు సగం గీతలదాకా కూడా వెళ్ళలేదు. టీచర్ చదివిన అంకె చెప్పుకోదగ్గదేమీ కాదు. లేచి వెళ్ళి గోడ పక్కన బాసింపట్టు వేసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అప్పటికే క్లాసంతా తర్వాతి పిల్లాణ్ణి చూస్తోంది.

ఇంటికొస్తే నాయనమ్మ మార్కులు అడగలేదు. “ఊపిరాడిందా?” అంది. ఆడిందన్నాను. “మరింకేం” అని పెసరట్టు వేయడానికి లేచింది.

ఆ ఒక్క రోజుతో నన్ను నేను ప్రేమించేసుకున్నానని చెబితే అబద్ధమవుతుంది. కాలేజీలో మళ్ళీ బిగబట్టాను. పెళ్ళి ఫొటోల్లో బిగబట్టాను. పిల్లలు పుట్టాక కొన్నాళ్ళు అద్దం వైపే చూడలేదు. అలా అయినప్పుడల్లా దుప్పటి పరుచుకుని మళ్ళీ మొదటికొచ్చి కూర్చునేదాన్ని.

ఇప్పుడు మోరిస్‌విల్‌లో మా కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో శనివారాలు నేనే యోగా నేర్పుతున్నాను. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మలు, అత్తగార్లు వస్తుంటారు. “ఈ ఒళ్ళేసుకుని నేనేం వంగుతానమ్మాయ్” అని మొదటి రోజే అంటారు. కాళ్ళు ఎడం చేసి పొట్టకి కాస్త చోటివ్వమంటాను. పడీపడీ నవ్వుతారు, తర్వాత వంగుతారు. ఆ హాలు బ్లైండ్స్ నేను ఎప్పుడూ తెరిచే ఉంచుతాను.

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నాకు ఆవిడ వయసు దగ్గరపడింది, ఆకారం ఎప్పుడో వచ్చేసింది. ఆవిడ పోయిందని కబురు తెలిసిన రోజు ఎక్కడ తల పెట్టుకుని ఏడవాలో తోచలేదు. చివరికి హాల్లో దుప్పటి పరిచి, బాసింపట్టు వేసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను. మెత్తగా, వెచ్చగా, అచ్చం ఆవిడ ఒడే. రోజూ పొద్దున్నే కాసేపు అందులోనే కూర్చుంటున్నాను.