యాదగిరి మీద ఒంటికన్ను

పోలీసు చర్య ముగిసి యూనియన్ సైన్యం సికింద్రాబాద్‌లోకి వచ్చిన రోజున, కళ్ళున్న ప్రతివాడూ వెళ్ళి చూశాడు, నేను తప్ప. నాకూ కళ్ళున్నాయి. వాటిలో ఒకటి మూసి ఉంది, రెండోది యాదగిరి మీద ఉంది. ఇంత నష్టం ఎలా జరిగిందో చెబుతాను, మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు.

యాదగిరి, నేను ఒకే దర్జీ దుకాణంలో పని నేర్చుకునేవాళ్ళం. వాడు గుండీ కుడితే యజమాని మెచ్చుకునేవాడు. నేను కుడితే విప్పి మళ్ళీ కుట్టమనేవాడు. చివరికి వాడు టీ తాగినా నాకంటే బాగా తాగుతున్నట్టే అనిపించేది. కడుపులో కుంపటి పెట్టుకుని తిరుగుతున్న నన్ను చూడలేక మా అక్క రంగూన్ తాత దగ్గరికి పంపింది. ఆయన రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసి, అక్కడే బౌద్ధుడై, జపాన్ యుద్ధమప్పుడు కాలినడకన తిరిగొచ్చినవాడు.

“పక్కోడు మంచిగుంటే నువ్వు సుత సంబురపడాలె బిడ్డా,” అన్నాడు తాత. “దాన్నే బుద్ధుడు ముదిత అన్నడు. పొద్దుగాల కండ్లు మూసుకొని కూసో. ఎవని మీద మంటనో, వాడు సల్లగుండాలని తలుసుకో.”

నాలుగు రోజులు బాగానే సాగింది. తర్వాత యాదగిరి వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

“నువ్వెందుకొచ్చినవ్?” అన్నాను.

“నువ్వు జెర నిమ్మళమైనవంట. నాకు సుత కావాలనిపించింది.”

మొదటి రోజే వాడు రాయిలా కదలకుండా కూర్చున్నాడు. తాత “గట్ల కూసోవాలె” అని నా వైపు చూశాడు. అంతే. అప్పటిదాకా వాడి కుట్టు మీద ఉన్న ఈర్ష్య, వాడికి ఈర్ష్య లేకపోవడం మీదికి మారింది. ఈర్ష్య లేకపోవడంలో వాణ్ణి ఓడించి తీరాలనుకున్నాను.

సైన్యం వచ్చిన ఉదయం ఇద్దరం తాత వరండాలోనే ఉన్నాం. నెలల తరబడి భయంతో తలుపులేసుకున్న బస్తీ మొత్తం రోడ్డు మీద పడింది. అక్క పరుగున వచ్చింది.

“తమ్మీ, లే. పటాలం వస్తుంది. లారీలంట, ట్యాంకులంట.”

“యాదగిరి లేస్తే లేస్త.”

“వాడు లేస్తలేడు గదరా.”

“గందుకే నేను సుత లేస్తలేను.”

“నీకు పిచ్చిగిన లేసిందా?” అని అక్క వెళ్ళిపోయింది. తాత కూడా ఆమె వెంటే వెళ్ళాడు. ఆయనది పెద్ద సాధన, ట్యాంకులు చూసినా చలించడని సరిపెట్టుకున్నాను.

దూరంగా లారీల చప్పుడు, జనం జేజేలు. నా కాళ్ళు తిమ్మిరెక్కి ఎవరివో అయిపోయాయి. ఒక చీమ నా మెడ మీద ఇల్లు కట్టడానికి చోటు వెతుకుతోంది. ఒంటికన్ను తెరిచి చూస్తే యాదగిరి ముఖంలో అదే శాంతి. ‘వాడు చల్లగా ఉండాలి’ అని పళ్ళు నూరుతూ తలచుకున్నాను.

జనం ఇళ్ళకు మళ్ళాక తాత వచ్చి వాడి భుజం తట్టాడు. యాదగిరి ఉలిక్కిపడి మూతి తుడుచుకున్నాడు.

“నిద్ర పట్టింది తాతా. రోజు గిట్లనే పడ్తది. పటాలం వచ్చిందా?”

“వచ్చింది, పోయింది.” తాత నా వైపు తిరిగాడు. “నువ్వేం జేస్తున్నవ్ బిడ్డా?”

“వాణ్ణి చూస్తున్న.”

“మరి లేపొద్దా?”

లేవబోయి, కాళ్ళు మాట వినక తాత మీద పడ్డాను. యాదగిరే నన్ను భుజాన వేసుకుని ఇంటిదాకా మోశాడు. అంత బలం నాకెందుకు లేదా అని దారంతా కుళ్ళుకున్నాను.

ఆ సాయంత్రమే దీపం సాక్షిగా ఒట్టేశాను, ఈ జన్మలో నన్ను ఎవరితోనూ పోల్చుకోనని. ఇన్నేళ్ళూ ఆ మాట మీదే నిలబడ్డాను. పోల్చుకోకుండా బతకడంలో సికింద్రాబాద్ మొత్తానికి నా అంతవాడు లేడు. యాదగిరి సంగతి చెప్పనే అక్కర్లేదు, వాడు నా దరిదాపుల్లోకి కూడా రాడు.