అటక మీద కుట్టుమిషను

మాది నాదెండ్ల దగ్గర పల్లెలో పాత పెంకుటిల్లు. హాలు పైన ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చెక్క అటక. నేను కాపురానికొచ్చిన పద్నాలుగేళ్ళలో ఆ అటక మీదికి మిరపకాయల గోతాలు తప్ప ఇంకేదీ ఎక్కింది లేదు.

నేను ఊళ్ళో ఆడవాళ్ళకి జాకెట్లు కుడతాను. నా మిషను హాల్లో ఓ మూల ఉండేది. మా మామయ్య రాజకీయమంతా కూడా ఆ హాల్లోనే. పంచాయతీ ఎన్నికలు, కాలవ నీళ్ళు, ఎవరు ఏ పార్టీలోకి దూకారు, అన్నీ అక్కడే తేలాలి. వచ్చేవాళ్ళు నేను పరిచిన గుడ్డల మీదుగానే నడిచేవాళ్ళు. ఒకసారి పెళ్ళికూతురి పట్టు జాకెట్టు ముక్క మీద ఎవరిదో మట్టికాలు పడింది. ఆ మరక మీద జరీ పువ్వు కుట్టి ఎలాగో బయటపడ్డాను. ఆ రోజు నుంచి నా కన్ను అటక మీద పడింది. నాకంటూ ఒక చోటు కావాలి, అంతే.

అడిగితే మామయ్య రెండు ముక్కల్లో తేల్చేశారు.

"దూలాలు మొయ్యవు. పైగా ఈ ఎండల్లో ఆ పెంకుల కింద కూర్చుంటే అప్పడంలా వేగిపోతావు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మోసేట్టు చేసి, చల్లబరిస్తే?" అన్నాను.

"చేసి చూపీ. నడి ఎండలో నేనే పైకొచ్చి కూర్చుంటా. కూర్చోగలిగితే అటక నీది. లేకపోతే మళ్ళీ ఆ ఊసెత్తొద్దు."

మామయ్య మొండి మనిషే గానీ అన్న మాట మీద నిలబడతారు. మా ఆయన మాత్రం "మధ్యలో నన్ను లాగొద్దు" అని పొలానికి వెళ్ళిపోయాడు.

నరసరావుపేట నుంచి ఒక వడ్రంగి భాయ్‌ని పిలిపించాను. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. నిచ్చెనెక్కి ఒక్కో దూలాన్నీ సుత్తితో తట్టి, కొబ్బరికాయ ఏరుకునేవాడిలా చెవి పెట్టి విన్నాడు.

"ఐదిట్లో మూడు గట్టియ్యే చెల్లెమ్మా. ఈ రెండిటికీ గోడలో ఉన్న కొన చెద తినేసింది. నడుం కూడా దిగింది. తీసెయ్యక్కర్లా, జోడు కడదాం."

జోడు కట్టడమంటే, పాత దూలం పక్కనే అంత పొడుగు కొత్త టేకు దూలాన్ని ఆనించి రెండిటినీ కలిపి బోల్టులు బిగించడం. ముసలెద్దు పక్కన కోడెను కట్టినట్టు. ముందు ఆ దిగిన నడుం లేవాలి కదా. అందుకోసం భాయ్ తన బావమరిది మెకానిక్ షెడ్డు నుంచి లారీ జాకీ తెచ్చాడు. జాకీ మీద నిలువుగా ఒక దుంగ నిలబెట్టి, దూలానికి ఆనించి, పొద్దున కాస్త, సాయంత్రం కాస్త లేపేవాడు. ఒక్కసారే లేపితే విరుగుద్దట. నాలుగు రోజులు హాలు నడిమధ్యన ఆ జాకీ ఉండిపోయింది. రాజకీయాలు మాట్లాడేవాళ్ళంతా దాని చుట్టూ తిరిగి, ఒదిగి ఒదిగి కూర్చున్నారు. ఎందుకు దాచాలి, చూస్తుంటే నాకు భలే హాయిగా ఉండేది.

దూలాలు గట్టిపడ్డాక ఎండ సంగతి. పెంకుల కింద వాసాల మధ్య వెండిరంగు నురగ షీట్లు పెట్టి, వాటి కింద పలచటి చెక్కలు కొట్టాలన్నాడు భాయ్. ఇక్కడే నా తెలివి బయటపడింది. అటక మీద నుంచి దించిన ఖాళీ మిరప గోతాలు వసారాలో గుట్టగా పడున్నాయి. ఎండాకాలం మంచినీళ్ళ కుండకి గోనె చుట్టేవాళ్ళం, ఇంటికి చుడితే ఏం?

"ఇంట్లో ఉండగా కొనడమేంది భాయ్" అన్నాను.

ఆయన ఒక గోతం ఎత్తి వాసన చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఘాటు చానా ఉంది చెల్లెమ్మా."

నేనూ చూశాను. నాకేమీ తెలియలేదు. మామయ్య కూడా మూతి దగ్గర పెట్టుకుని చూసి "ఏం ఘాటు? వట్టి గోనె" అన్నారు. మాకు పుట్టిన దగ్గర్నుంచీ మిరపకాయల మధ్యే బతుకు. మా ముక్కులు ఏనాడో మొద్దుబారిపోయాయి. గోతాలు దులిపి, నాలుగేసి మడతలు పెట్టి, వాసాల మధ్య కుక్కి చెక్కలు కొట్టించేశాను. పెంకులు కాలతాయని మేం రోజూ తెల్లవారగానే ఎక్కి తొమ్మిదింటికల్లా దిగిపోయేవాళ్ళం. అందువల్ల మధ్యాహ్నం అక్కడ ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు.

పని ముగిసిన మర్నాడు రెండు గంటలకి పరీక్ష. బరువు సంగతి కూడా తేలాలని మామయ్య ఊళ్ళోకెల్లా లావుపాటి స్నేహితుల్ని ముగ్గుర్ని వెంటబెట్టుకుని ఎక్కారు. భాయ్, నేను ఓ పక్కన నిలబడ్డాం. అటక కిర్రుమనలేదు. ఐదు నిమిషాలయ్యాక మామయ్య ఒళ్ళు తడుముకుని "చల్లగానే ఉందిరా" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది.

అప్పటికి పైన పెంకులు బాగా కాలి, ఆ సెగ గోతాలకి తగిలినట్టుంది. వాటిలో ఎన్నేళ్ళ కారముందో అదంతా ఘాటై కిందికి దిగింది. అందరికీ కళ్ళలో నీళ్ళు, ముక్కులో మంట.

"ఏందమ్మాయ్, పైన తాలింపు పెట్టావా?" అన్నాడు ఒకాయన.

మామయ్య "పదండి, దిగుదాం" అని లేచారు. సరిగ్గా అప్పుడు పక్కనున్నాయన ఒక్క తుమ్ము తుమ్మాడు. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము వినబడితే మా ఇంట్లో అడుగు తీసి అడుగు వెయ్యరు. కూర్చుని, కాసిని మంచినీళ్ళు తాగి అప్పుడు లేవాలి. మామయ్య కూర్చున్నారు. పైకి తెచ్చిపెట్టిన కూజాలోంచి నీళ్ళు అందించాను. తాగి లేచారు. ఇంకొకాయన తుమ్మాడు. మళ్ళీ కూర్చున్నారు, మళ్ళీ నీళ్ళు. మూడోసారి మామయ్యకే తుమ్మొచ్చింది. భాయ్ కండువా ముక్కుకి కట్టుకుని గోడవైపు తిరిగి నవ్వుతున్నాడు. నేనూ నవ్వు ఆపుకోలేకపోయాను. కానీ లోపల ఒకటే దిగులు. అంత కష్టపడి, చేజేతులా నా గది పోగొట్టుకున్నానే అని.

అలా ముప్పావుగంట గడిచాక ఎవరికో రెండు తుమ్ములు వెంటవెంటనే వచ్చాయి. జంట తుమ్ము మంచిదే కాబట్టి నలుగురూ గబగబా దిగారు.

కింద మొహాలు కడుక్కుంటూ ఒకాయన "పందెం నువ్వే గెలిచావు. అక్కడ మనిషనేవాడు కూర్చుంటాడా?" అన్నాడు మామయ్యతో.

మామయ్య తువ్వాలు కళ్ళ మీంచి తీశారు. "నువ్వు కూర్చోలా? నేను కూర్చోలా? ఒంటికి చెమట పట్టిందా? నీ బరువుకి చెక్క కదిలిందా? మనల్ని ఏడిపించింది మిరపకాయ. దాన్ని పండించింది నేను. అమ్మాయి మీద తోస్తే ఎట్టా?" అని నా వైపు తిరిగారు. "అటక నీదేనమ్మా. ఆ గోతాలు మాత్రం పీకేయించు తల్లీ."

అంత మాట ఆయన నోటి నుంచి వస్తుందని నేననుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి నలుగురికీ మజ్జిగ కలిపి తెచ్చాను.

ఆ వారంలోనే భాయ్ గోతాలు తీసేసి వెండిరంగు షీట్లు బిగించాడు. మిషను పైకి మోసింది మా ఆయనే. రోహిణి కార్తె వచ్చింది, రోళ్ళు పగిలే ఎండలు. కరెంటు పోయి హాలు ఉడికిపోతుంటే, పైన నేను కాలితో తొక్కుకుంటూ పెళ్ళి జాకెట్లు కుడుతున్నాను. నిచ్చెన కదిలిన చప్పుడైంది. ఎక్కే అడుగులు సగంలో ఆగిపోయాయి. చూస్తే మామయ్య తల ఒక్కటే కనబడుతోంది.

"అమ్మాయ్, పైకి రావచ్చా?" అన్నారు.

ఆ ఇంట్లో నేనున్న చోటికి రావడానికి నన్ను అడిగిన వాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. "ఈ కుట్టు అయిపోనివ్వండి మామయ్యా, పిలుస్తాను" అన్నాను. ఆయన సరేనని నిచ్చెన మీదే నిలబడ్డారు. కుట్టు అప్పుడే అయిపోయింది. అయినా ఇంకో నిమిషం ఆగి పిలిచాను.