అంచు మీద పసుపు

గజపతినగరం సంతలో పాత బట్టల గుట్ట ముందు గొంతుక్కూచుని ప్యాంట్లు తిరగేసే మనిషిని జనం ఎలా చూస్తారో నాకు బాగా తెలుసు. "ఇజీనారంలో సొంత బట్టల కొట్టున్నోడికి ఇదేటి కర్మ" అని నా ఎదుటే అనుకున్నారు. అనుకోనీ. విదేశాల నుంచి మూటలుగా వచ్చే ఆ గుట్టల్లో నేను వెతికేది పాత జీన్స్. నా భార్య పోయాక పట్టుకున్న పిచ్చి అది. విజయనగరంలో మా ఇంట్లో అన్నయ్యా వదినా కింద వాటాలో ఉంటారు, నేను మేడమీద. కొట్టు కట్టేసి వచ్చాక నాతో పలికే మనిషి ఉండడు.

చీర అంచు చూసి ఏ ఊరి నేతో చెప్పగలిగే ఇల్లు మాది. జీన్స్‌కీ అంచే చూడాలి. కాలు తిరగేస్తే పక్క కుట్టు లోపల తెల్లటి అంచు, అందులో సన్నటి ఎర్ర దారం కనిపించిందా, అది చిన్న మగ్గం మీద నేసిన పాత గుడ్డ. వెడల్పు మగ్గాలొచ్చాక ఆ అంచు పోయింది. తర్వాత వెనక జేబులో చెయ్యి పెట్టి మూలలు తడమాలి. కుట్టు ఊడకుండా కొట్టే రాగి బొడిపెలు, రివెట్లు, పైకి కనపడకుండా లోపల తగిలితే, నేను వెతికే రకంలో అరవైలు దాటలేదన్నమాట. ఉతికే పద్ధతి చెప్పే చీటీ లోపల కుట్టి ఉంటే మాత్రం ఆశ వదులుకోవాలి, అవి డెబ్బైల్లో మొదలయ్యాయి. ఇదంతా ఫోనులో, ముఖాలు తెలియని వాళ్ల దగ్గర నేర్చుకున్నాను.

ఒక సంతలో అన్నీ కుదిరిన ప్యాంటు దొరికింది. పైగా ఎవరూ తొడగనిది, ఉతకనిది. ముదురు నీలం, అట్టలా బిరుసుగా ఉంది. ఎవరు కొన్నారో, ఎందుకు తొడుక్కోలేదో. ఫొటోలు పెడితే, పాత జీన్స్ పోగుచేసే బెంగళూరు ఆయన ఫోన్ చేశాడు. "ఆదివారం వస్తానండీ. మీ దగ్గరున్నవన్నీ చూడాలి, ఒక పూటంతా కూచుందాం" అన్నాడు. నా కోసం ఆ మేడమెట్లు ఎక్కినవాళ్లు ఎవరున్నారు గనక! నిజం చెప్పొద్దూ, అమ్మడం మీద కంటే ఆ పూట మీదే నా ఆశంతా. గది కడిగాను. రెండో కుర్చీ దుమ్ము దులిపాను. భోజనానికి ఒక మనిషి వస్తాడని వదినకి చెప్పాను.

శుక్రవారం నేను వచ్చేసరికి వదిన నా గదిలో నవ్వుతూ నిలబడి ఉంది.

"కొత్త పేంటు కొనుక్కున్నావా బాబూ? ఒక్క ముక్క సెప్పనేదు! మా తోటికోడలు పోయినకాడి నుంచి నువ్వు కొత్తబట్ట కట్టనేదని మీ అన్న ఒకటే బెంగ. పసుపెట్టి మంచం మీద ఉంచాను. పైకి కనబడితే నువ్వు సిగ్గుపడతావని లోపలంచుకే రాసాను."

తడి పసుపు. రెండు కాళ్ల అడుగునా, సరిగ్గా ఆ తెల్లటి అంచు మీద. పసుపు పెట్టకుండా కొత్తబట్ట కట్టే ఇల్లు కాదు మాది, ఆమె తప్పేముంది? అయినా ఒళ్లు మండిపోయింది. ఆమె ముఖం చూసి "బాగుంది వదినా" అన్నాను. ఎండలో వేస్తే పసుపు పోతుంది, దాంతోపాటు నీలమూ పోతుంది. ఉతికితే ఇక అది కొత్తది కాదు.

దాచినా వచ్చాక చూస్తాడు కదా అని బెంగళూరు ఆయనకి ఫొటో తీసి పంపాను. "అయ్యో, మరకైపోయిందా? వేరేది దొరికినప్పుడు చెప్పండి" అన్నాడు. మిగతావి చూస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఊరికే రమ్మని పిలవడానికి నాకు నామోషీ అడ్డొచ్చింది.

ఆదివారం వదిన రెండు కంచాలతో వచ్చింది.

"ఏరీ, వస్తానన్నోలు?"

"రారు వదినా. ఆ ప్యాంటు చూద్దామనుకున్నారు, పని పడిందట."

"పేంటులో సూడ్డానికేటున్నాది? నాకు సెప్పు" అని రెండో కుర్చీలో కూచుంది.

చెప్పాను. అంచు చూపించాను, పసుపున్న చోట బొటనవేలు అడ్డం పెట్టి. మగ్గాల సంగతి చెప్పాను. ఆమె చెయ్యి పట్టుకెళ్లి జేబులో రివెట్లు తడిమించాను. ఆమె "ఆహా" అంటూ ఉంది. గొంతు ఎండిపోయేదాకా మాట్లాడాను. ఇంతలో కింది నుంచి అన్నయ్య కేక. "ఒసే, పప్పు మాడిపోతన్నాది!"

"తినీ బాబూ, సల్లారిపోతాది" అంటూ ఆమె గబగబా మెట్లు దిగిపోయింది.

బొత్తం వెనక కొట్టిన అంకె సంగతి ఇంకా చెప్పనే లేదు. ఏ ఫ్యాక్టరీలో కుట్టారో దాన్నిబట్టే తెలుస్తుంది. అన్నిటికంటే బాగుంటుందని, దాన్ని ఆఖర్న చెబుదామనుకున్నాను.