నీలం బెల్లం

వయసులో ఉన్నప్పుడు మనిషికి లెక్కలు వస్తే చాలు, లోకమంతా వచ్చేసినట్టే ఉంటుంది. ఆ రోజుల్లో నాకు అలాగే ఉండేది. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక షావుకారు దగ్గర గుమాస్తాని. పదో తరగతితో చదువు ఆగిపోయినా, పాత పుస్తకాలు ముందేసుకుని శాతాలూ సగటులూ సొంతంగా నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఊరికే ఉంచుకోలేక, కనిపించిన ప్రతిదానికీ సగటు తీసేవాణ్ణి. (కశింకోట ఆటోలో సగటున పదకొండు మంది ఎక్కుతారని తేల్చాను. లెక్కపెట్టిన నెలరోజుల్లో ఒక్కసారి కూడా సరిగ్గా పదకొండు మంది ఎక్కలేదు.)

దూరపు వ్యాపారులు రంగు చూడందే బెల్లానికి మాట ఇవ్వరు. అందుకని మా అక్క మొగుడు, ఊళ్లో చిన్న ఫొటో స్టూడియో నడిపే మా బావ, దిమ్మలను రీలు మీద తీసి ప్రింట్లు ఇచ్చేవాడు. మేము పోస్టులో పంపేవాళ్ళం. ఫొటో చేరేసరికి ఆ దిమ్మ ఎవరింట్లోనో పాకమైపోయేది. డిజిటల్ కెమెరా అయితే ఫొటో నిమిషాల్లో మెయిల్లో వెళ్తుందని షావుకారుకి చెప్పింది బావే. తన రీళ్ల పని పోతుందని తెలిసీ చెప్పాడు. విశాఖపట్నం వెళ్లి తనే ఎంచి తెచ్చాడు. నచ్చకపోతే వారంలోగా వెనక్కి తీసుకుంటామని అక్కడి కొట్టువాళ్లు అన్నారట. షావుకారు ఆ కెమెరా నా చేతిలో పెట్టి, "నువ్వు లెక్క మనిషివి. ఉంచాలో పంపాలో నువ్వే చెప్పు. ఇది బాగోలేదో, మీ బావ మాట ఇక నేను వినను" అన్నాడు.

బావని అడిగితే అరగంటలో నేర్పేవాడు. కాని పరీక్ష పెట్టేవాడు పాఠం చెప్పించుకోవడం పద్ధతి కాదనుకున్నాను. కెమెరాతో వచ్చిన పుస్తకం నూట పన్నెండు పేజీలు. పద్నాలుగు చదివాను, అంటే సరిగ్గా ఎనిమిదో వంతు. పదిహేనో పేజీలో సూర్యుడు, మబ్బు, బల్బు బొమ్మలు కనిపించాయి. మా కొట్లో వెలుతురు తక్కువ కాబట్టి కెమెరాలో బల్బు బొమ్మ పెట్టి పుస్తకం మూసేశాను. (బల్బు వెలుగునిస్తుంది. ఇందులో చదవడానికేముంది?) ఎండకి బెల్లం కారిపోకుండా కొట్టు ముందు నీలం టార్పాలిన్ బరకం కట్టి ఉండేది. దాని కిందే రెండు రోజుల్లో తొంభై ఆరు ఫొటోలు తీశాను. ఒక్కో ఫొటోకి నోటుబుక్కులో ఒక్కో వరస. పైన శీర్షిక 'కెమెరా తప్పులు'. బంగారంలాంటి దిమ్మ తెర మీద వంకాయలా పడింది. తొంభై ఆరుకి తొంభై ఆరూ తప్పే. అంత శుభ్రమైన శాతం నాకు అంతకు ముందెప్పుడూ రాలేదు.

మూడో రోజు పొద్దున్న ఆ నోటుబుక్కు షావుకారుకి చదివి వినిపించాను. బావ కూడా అక్కడే ఉన్నాడు. ఒక్కో ఫొటో చూసి, "ఏటి బామ్మర్దీ, బెల్లానికి ఊపిరాడనేదేటి?" అన్నాడు. కాని నవ్వలేదు. షావుకారు పెట్టె కట్టెయ్యమన్నాడు. బావ వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. నా లెక్క సరిగ్గానే ఉంది. అయినా ఎందుకో బావ చేతుల వైపు చూడబుద్ధి కాలేదు.

అప్పుడు మా పెద్ద కళాసీ దిమ్మ దించి వచ్చాడు. బెల్లం మోసి మోసి వీపు వంగినవాడు. అందరం మామా అనేవాళ్ళం. చెయ్యి తుడుచుకుని తెరలోకి చూశాడు.

"ఈ బొమ్మలు ఏడ తీసేవు?"

బరకం కిందే తీశానన్నాను.

"బరకం కింద బెల్లానికి ఎవుడైనా రంగు సెప్తాడేటి?"

ఎవడూ చెప్పడు. ముక్క విరిచి ఎండలోకి తీసుకెళ్లి చూడందే మా మార్కెట్లో ఎవరూ నోరు విప్పరు. నేనూ విప్పను. ఆ నియమం నాకు తెలుసు. కెమెరాకి వర్తిస్తుందని మాత్రం తట్టలేదు.

మామ ఊరుకోలేదు. "నువ్వొచ్చిన కొత్తలో సీజనంతా నోరు మూసుకుని బెల్లం నాకేవు. రంగు సెప్పమని నిన్నెవులైనా అడిగేరా? దీనికి రెండ్రోజులకే సీటీ సింపి పంపేత్తన్నావు."

బావ వైర్లు వదిలేసి, దిమ్మనీ కెమెరానీ ఎండలోకి తెచ్చాడు. వెనకే వెళ్లాను. మీటలు నొక్కుతూ ఒక చోట ఆగాడు. "ఈ బల్బు నువ్వే పెట్టేవా?" అన్నాడు, నాకొక్కడికే వినిపించేలా. అవునన్నాను. కారణం కూడా చెప్పాను. ఆ బొమ్మ పసుపు బల్బుల వెలుగులో తీయడానికనీ, పగటి వెలుతురులో పెడితే అంతా నీలంగా పడుతుందనీ చెప్పాడు. తరవాత సూర్యుడి బొమ్మకి మార్చి ఒక్కటంటే ఒక్క ఫొటో తీశాడు. షావుకారు ముందు తెర చూశాడు, తరవాత దిమ్మని, ఆ తరవాత నన్ను. "ఉండనీ" అన్నాడు. లోపం ఎక్కడని అడిగితే, నీడలో తీసినందుకని చెప్పాడు బావ. బల్బు సంగతి ఈ రోజుకీ బావ ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం నోటుబుక్కు తెరిచాను. అంకెల్లో మార్చవలసిందేమీ లేదు. శీర్షికలో 'కెమెరా' అన్న మాట కొట్టేసి అక్కడ నా పేరు రాశాను. లెక్క సరిపోయింది.

ఆ నోటుబుక్కులో ఇప్పటికీ ఒక ఫొటో ఉంది. తొంభై ఆరింటిలో నలభై ఒకటోది. లెన్సు మూత తెరుచుకుందో లేదో అని కెమెరా తిప్పి చూస్తూ పొరపాటున నన్ను నేనే తీసుకున్నాను. బావ దాన్ని ప్రింటు వేసి నా పెళ్లికి బహుమతిగా ఇచ్చాడు. ముఖమంతా నీలం, కళ్లలో అనుమానమన్నదే లేదు. మొన్న మా అమ్మాయి దాన్ని చూసి, ఈ కుర్రాడు ఎలాంటివాడు నాన్నా అని అడిగింది. ఇంకో సీజను చూసి చెబుతానన్నాను.