కొత్త నీళ్లకు పసుపు కుంకుమ

ఎనభైల మొదట్లో నేను హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాను. ములుగు దాటాక, గోదావరి ఒడ్డున మా చిన్నమ్మ వాళ్ల ఊరు. తొలకరి వానలకు నదికి కొత్త నీళ్లొస్తే అక్కడి ఆడవాళ్లు పసుపు, కుంకుమ, రవికె గుడ్డ ఇచ్చి గంగమ్మకు మొక్కుతారు. ఆ ఏడు చిన్నమ్మతో, ఆమె కూతురు సరోజనతో నేనూ బయలుదేరాను.

రేవు మునిగిపోవడంతో ఒడ్డు వెంబడే చాలా దూరం నడిచాం. అంత నీటిని నేనెన్నడూ చూడలేదు. ఎర్రటి వరద, దాని మీద నురగ, వేళ్లతో సహా కొట్టుకొస్తున్న చెట్లు, వాటి మీద వాలిన తెల్లటి కొంగలు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

“మస్తుగున్నది గదా బిడ్డా! గంగమ్మ సింగారించుకొని వస్తాంది” అని నవ్వి, చిన్నమ్మ కుంకుమ చల్లడానికి ఒడ్డు అంచుకు పోయి వంగింది.

కింది మట్టిని నది ఎప్పుడో కోసేసింది. పైన గడ్డి మాత్రం పచ్చగా ఉంది. ఆమె నిలబడ్డ చోటు ఒక్కసారిగా విరిగి పడింది. “అమ్మా!” అంటూ సరోజన ఉరకబోతే గట్టిగా పట్టుకుని వెనక్కి లాగాను. నీళ్లలో చిన్నమ్మ చెయ్యి ఒకసారి కనిపించింది, అంతే. ఆమె మళ్లీ దొరకలేదు.

మరుసటి ఏడు కొత్త నీళ్లొచ్చినప్పుడు సరోజన మళ్లీ పసుపు కుంకుమ సర్దింది.

“నీకు ఎట్ల మొక్కబుద్దయితాంది చెల్లె?” అని కోపంగా అడిగాను.

“గంగమ్మ మీద అలిగి ఏడ బతుకుతమక్కా?” అంది.

గోదావరి అందంగా ఉండదని నేను ఇప్పటికీ అనలేను. సరోజనతో మళ్లీ వెళ్లిన ఆ రోజూ అలాగే ఉంది. సరోజన మాత్రం ఒడ్డుకు ఎంతో దూరంలోనే ఆగి రవికె గుడ్డ విసిరింది. అది నీళ్ల దాకా పోకుండా బురదలో పడింది. దాన్ని తీయడానికి మా ఇద్దరిలో ఎవరమూ ముందుకు పోలేదు.